జిల్లా జనగణన పుస్తకంలో మన ఊరి లెక్క ఎందుకు కుదరదు?

మీరు అడిగినవి ముందు ఒకచోట పెట్టుకుందాం. పాత విజయనగరం జిల్లాలోని మీ మండలం మీద ఎం.ఏ. ప్రాజెక్టు కోసం ఊరూరి వివరాలు పోగు చేస్తున్నారు. 2011 జిల్లా జనగణన పుస్తకంలో మీ ఊరి జనాభాకూ, పంచాయతీ ఆఫీసులో చెప్పే లెక్కకూ పొంతన కుదరడం లేదు. మీ శివారు గూడెం పేరు అసలు కనబడడం లేదు. పక్క ఊరికి జనాభా సున్నా అని ఉంది. ఆసుపత్రి గడిలో ఒకచోట 2, ఇంకోచోట ‘బి’ అని ఉన్నాయి. ఇవి తప్పులా, సరిదిద్ది వాడుకోవచ్చా అన్నారు. చివర్లో, మీ తాతగారి కాలం నుంచీ మీ కుటుంబం ఆ ఊళ్లోనే ఉందని చూపించడానికి పాత జనగణన కాగితం దొరుకుతుందా అని కూడా అడిగారు.

నేను గణాంక శాఖలో మండల స్థాయిలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 2001, 2011 జనగణనలు రెండింటిలోనూ ఆ పని దగ్గరుండి చూశాను. ఈ పుస్తకంలో తప్పులు ఉండవని అనను, ఉంటాయి. కానీ మీరు రాసినవాటిలో ఒక్కటి కూడా నాకు తప్పుగా అనిపించలేదు. ప్రతి గడి వెనకా ఒక నిర్వచనం ఉంటుంది, ఒక తేదీ ఉంటుంది, ఆ సమాధానం చెప్పిన మనిషి ఒకడు ఉంటాడు. ఈ మూడూ తెలియకుండా సరిదిద్దడం మొదలుపెడితే ఉన్న లెక్క కూడా చెడుతుంది.

మొదట ఊరు అంటే ఏమిటో చూద్దాం, మీ తికమకలో సగం అక్కడే ఉంది. జనగణనలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. సర్వే నంబర్లు, హద్దులు, విస్తీర్ణం ఉన్న ఊరు. జనం వాడుకలో ఊరు వేరు, పంచాయతీ వేరు. ఒక పంచాయతీలో రెండు మూడు రెవెన్యూ గ్రామాలు ఉండొచ్చు. ఒక్క రెవెన్యూ గ్రామమే రెండు పంచాయతీలుగా విడిపోయి ఉండొచ్చు. మీ గూడెం ఏ రెవెన్యూ గ్రామం హద్దులో ఉందో ఆ గ్రామం జనాభాలో కలిసిపోయి ఉంటుంది. అక్కడ లెక్కించకుండా వదిలేశారని అనుకోకండి. ఎన్యూమరేటర్ (ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే ఉద్యోగి) గీసిన నమూనా పటంలో ఆ గూడెం ఇళ్లు విడిగానే ఉంటాయి, అచ్చు పుస్తకానికి వచ్చేసరికి రెవెన్యూ గ్రామం మొత్తమే మిగులుతుంది. శివారు గ్రామాలకు, తండాలకు, గూడేలకు విడిగా జనాభా కావాలంటే జనగణన ప్రచురణల్లో వెతికి లాభం లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లు ఆవాసాల వారీగా లెక్కలు రాస్తారు, అవి చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లు కూడా ఆవాసాల లెక్కతోనే వచ్చాయి. ఆ పథకం మొదట్లో మైదానంలో 500 జనాభా, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 దాటిన ఆవాసానికి రోడ్డు అర్హత ఉండేది, అదీ 2001 జనాభా ప్రకారం. కాబట్టి ఆ పథకం కోసం తయారైన ఆవాసాల జాబితాల్లో మీ గూడెం పేరు దొరికే అవకాశం ఉంది.

పక్క ఊరి సున్నా సంగతీ ఇంతే. అది బేచిరాగ్ గ్రామం అయి ఉంటుంది. భూమి ఉంటుంది, శిస్తు రికార్డు ఉంటుంది, కాపురం ఉండేవాళ్లు ఉండరు. రైతులు పక్క ఊళ్లో ఉంటూ పొలం చేసుకుంటారు. కొందరు విద్యార్థులు ఆ వరుస చూసి డేటా లోపం అనుకుని తీసిపారేస్తారు. తీసేస్తే మండలం విస్తీర్ణం తగ్గుతుంది, జనసాంద్రత తప్పు వస్తుంది. అలాగని ‘బడి లేని గ్రామాల శాతం’ కట్టేటప్పుడు ఆ ఊళ్లను కలిపితే మండలం ఉన్నదానికంటే వెనకబడినట్టు కనిపిస్తుంది. మనుషులే లేని చోట బడి లేదని రాసి ఏం లాభం? విస్తీర్ణానికి కలపండి, సౌకర్యాల శాతాలకు వదిలేయండి, ఆ సంగతి పట్టిక కింద ఒక ముక్క రాయండి.

ఇక జనాభా. 2011 జనగణన లెక్క 2011 మార్చి 1 అర్ధరాత్రి సున్నా గంటల నాటిది. ఇల్లిల్లూ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. 28 రాత్రి ఇల్లూ వాకిలీ లేనివాళ్లను లెక్కించారు. మార్చి 1 నుంచి 5 వరకు మళ్లీ తిరిగి, ఆ మధ్యలో పుట్టినవాళ్లను కలిపారు, పోయినవాళ్లను తీసేశారు. ఇందులో మన జిల్లాకు సంబంధించి ముఖ్యమైన నియమం ఒకటుంది. ఆ ఫిబ్రవరి రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఆ ఊరి లెక్కలో వేయరు, ఎక్కడుంటే అక్కడ వేస్తారు. మన దగ్గర ఫిబ్రవరి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. వరి కోతలు, నూర్పులు అయిపోయి, పనుల కోసం విశాఖపట్నం, హైదరాబాద్ వైపు, ఇటుక బట్టీలకు కుటుంబాలు వెళ్లిపోయి ఉండే కాలం. పంచాయతీ వాళ్లు చెప్పే జనాభాలో వాళ్లంతా ఉంటారు. రేషన్ కార్డు ఇక్కడే, ఓటు ఇక్కడే, పండక్కి వచ్చేది ఇక్కడికే. జనగణనలో మాత్రం వాళ్లు గాజువాకలోనో కూకట్‌పల్లిలోనో ఉంటారు. రెండు లెక్కలూ అబద్ధం కాదు. రెండింటి మధ్య తేడా కనిపిస్తే అది మీ ప్రాజెక్టుకు సమస్య అనుకోకండి, వలస గురించి రాయడానికి మీకు దొరికిన మొదటి ఆధారం అదే.

జిల్లా మొత్తం చూసినా ఇదే ఛాయ కనిపిస్తుంది. విజయనగరం జిల్లా జనాభా 2001లో 22,49,254. 2011లో 23,44,474. పదేళ్లలో పెరుగుదల 4.23 శాతం. అదే పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 10.98 శాతం పెరిగింది. లింగ నిష్పత్తి వెయ్యి మంది మగవాళ్లకు 1019 మంది ఆడవాళ్లు. ఈ 1019 చూసి ఆడపిల్లల పట్ల ఆదరణ ఎక్కువ అని రాసేసిన వ్యాసాలు చదివాను. పనికోసం మగవాళ్లు బయటికి పోయిన జిల్లాల్లో ఈ అంకె పెరుగుతుంది. ఆదరణ సంగతి తెలుసుకోవాలంటే 0–6 ఏళ్ల పిల్లల లింగ నిష్పత్తి చూడాలి, ఆ అంకె గ్రామం వారీగా కూడా కట్టుకోవచ్చు. ఊరు చిన్నదైతే మాత్రం దాన్ని నమ్మకండి. ముప్ఫై మంది పిల్లలున్న ఊళ్లో ఇద్దరు అటూ ఇటూ అయినా నిష్పత్తి వంద పైనే మారిపోతుంది.

కుటుంబాల సంఖ్య గురించి కూడా అడిగారు. జనగణనలో కుటుంబానికి కొలత వంటిల్లు. కలిసి వండుకు తినేవాళ్లు ఒక కుటుంబం. ఎన్యూమరేటర్లకు శిక్షణలో ఎక్కువ గొడవ ఈ ఒక్క దాని మీదే అయ్యేది. ఒక పెంకుటింట్లో ముసలమ్మ, ఇద్దరు కొడుకులు, కోడళ్లు. ‘మీరంతా ఒకటేనా అమ్మా?’ అంటే ‘ఒకటే బాబూ, మా ఇంట్లో వేరు లేదు’ అంటుంది. తల ఎత్తి చూస్తే పంచలో ఒక పొయ్యి, పెరట్లో ఇంకో పొయ్యి. ‘మరి ఆ పొయ్యి?’ అంటే ‘చిన్నోడిది. ఆళ్లు వేరే వండుకుంటారు’. అక్కడ కుటుంబాలు రెండు, ముసలమ్మ ఎవరి దగ్గర తింటే ఆ కుటుంబంలో. ఎన్యూమరేటర్ మొదటి మాట దగ్గరే ఆగిపోతే ఒకటే పడుతుంది. ఇంటి పన్ను రిజిస్టర్‌లో ఆ ఇల్లు ఒక్కటే, రేషన్ కార్డులు మూడు ఉన్నా ఆశ్చర్యం లేదు. అందుకే కుటుంబాల సంఖ్యను రేషన్ కార్డులతో పోల్చి ‘ఇన్ని దొంగ కార్డులు’ అని తేల్చేయకండి. ఆ తప్పు పత్రికల వాళ్లు కూడా చేస్తుంటారు.

అక్షరాస్యత శాతం మీరు కట్టిన పద్ధతి మార్చాలి. మీరు అక్షరాస్యులను మొత్తం జనాభాతో భాగించారు. జనగణనలో ఏడేళ్లు, ఆ పైబడినవాళ్లకే అక్షరాస్యత. అంటే మొత్తం జనాభాలోంచి 0–6 పిల్లల్ని తీసేసి భాగించాలి. ఊళ్లో 1,240 మంది ఉన్నారనుకోండి, అందులో పిల్లలు 140, అక్షరాస్యులు 605. మీ లెక్కలో 48.8 శాతం వస్తుంది, సరైన లెక్కలో 55. జిల్లాకు ప్రకటించిన 58.89 శాతంతో పోల్చాలంటే ఈ రెండోదే కావాలి.

పనివాళ్ల గడుల్లో ఆర్నెల్లు అన్నది గీత. ఏడాదిలో ఆర్నెల్లు, అంతకంటే ఎక్కువ పని దొరికితే ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. ఇక్కడ నా అనుమానం ఎప్పుడూ ఆడవాళ్ల గడి మీదే. సొంత పొలంలో కూలి లేకుండా చేసిన పని కూడా జనగణన లెక్కలో పనే. కానీ అడిగేది ఇంటి పెద్దను, ఆయన ‘ఆవిడ ఇంట్లోనే ఉంటుంది’ అంటాడు. నాట్లు, కలుపు, నూర్పు అన్నీ ఆవిడ చేతి మీదుగా పోయినవే. ఒకే మండలంలో పక్కపక్క ఊళ్లలో, ఒకే పంట, ఒకే పద్ధతి అయినా ఆడవాళ్ల పని శాతం ఒకచోట యాభై, ఇంకోచోట ఇరవై కనిపిస్తే, ఊళ్ల మధ్య తేడా కన్నా అడిగిన మనుషుల మధ్య తేడా ఎక్కువ అనుకోవాలి.

అసలు సంగతి సౌకర్యాల దగ్గర ఉంది. మీకు ముందుగా తెలియాల్సింది, ఈ సౌకర్యాల పట్టిక ఇల్లిల్లూ తిరిగిన ఎన్యూమరేటర్ రాసింది కాదు. ఇది గ్రామ దర్శిని అనే వేరే పని. జనగణన విభాగం పంపిన నమూనా పత్రాలు తహసీల్దార్ ఆఫీసుకు వస్తాయి. గ్రామ రెవెన్యూ అధికారి, పంచాయతీ కార్యదర్శి చెప్పగా అక్కడ నింపుతారు, శాఖల వారీ లెక్కలతో సరిపోల్చుతారు. పైగా కాలం కూడా వేరు. జనగణన వెబ్‌సైట్‌లో దొరికే ఎక్సెల్ పట్టికలో ‘రెఫరెన్స్ ఇయర్’ అనే గడి చూడండి, 2009 అని ఉంటుంది. అంటే పక్కపక్కనే ఉన్నా జనాభా 2011ది, బడి, బస్సు, బ్యాంకు 2009వి. 2010లో మీ ఊరికి వచ్చిన బస్సు ఆ పట్టికలో లేకపోతే అది లోపం కాదు.

ఇప్పుడు మీ 2. ఆ ఎక్సెల్‌లో స్టేటస్ గడిలో 1 అంటే ఉంది, 2 అంటే లేదు. రెండు ఆసుపత్రులు ఉన్నాయని కాదు. సంఖ్య చెప్పే గడి విడిగా ఉంటుంది. ఈ ఒక్కటి గమనించక, కాలమ్ మొత్తం కూడేసి ‘మా మండలంలో ఇన్ని జూనియర్ కాలేజీలు’ అని రాసిన ప్రాజెక్టు రిపోర్టు నా చేతికి వచ్చింది. లేనివే ఎక్కువ కాబట్టి కూడిక బ్రహ్మాండంగా వస్తుంది మరి. ఇక ‘బి’ అంటే ఆ సౌకర్యం ఊళ్లో లేదు, దగ్గరలో ఉన్నచోటు 5 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో ఉంది అని. ‘ఎ’ అంటే 5 లోపు. ‘సి’ అంటే 10 దాటి. ‘సి’లో 11 ఉండొచ్చు, 45 ఉండొచ్చు, పట్టిక చెప్పదు.

దూరం విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పత్రం నింపేవాడు ఏ దారిన కొలుస్తాడు? కొమరాడ మండలంలో నాగావళి అవతలి గట్టున ఉన్న ఊళ్లు తీసుకోండి. ఎండాకాలం ఏరు దాటితే మండల కేంద్రం దగ్గరే. వానాకాలం ఏరు నిండితే పడవో, పెద్ద చుట్టో. పూర్ణపాడు–లాబేసు వంతెన కోసం అక్కడివాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో ఆ వైపు వాళ్లందరికీ తెలుసు. ఒకే ఊరు జూన్‌కి ముందు ‘ఎ’, ఆగస్టులో ‘సి’. గడిలో మాత్రం ఒక్క అక్షరమే పడుతుంది. మీ మండలంలో ఏరో గెడ్డో అడ్డం ఉన్న ఊళ్లు ఉంటే వాటికి మాత్రం మీరే వెళ్లి రెండు దూరాలు రాసుకోండి. మిగతా ఊళ్లకు పుస్తకం అక్షరం చాలు.

‘ఉంది’ అన్న మాట కూడా ఎంతవరకు నమ్మాలో చూడాలి. సబ్ సెంటర్ (ఊళ్లో ఉండే చిన్న ఆరోగ్య ఉపకేంద్రం) గురించి పత్రం నింపేటప్పుడు జరిగే మాటలు ఇలా ఉండేవి. ‘సబ్ సెంటర్ ఉందా?’ ‘ఉందండి.’ ‘నర్సమ్మ ఉంటుందా?’ ‘వారానికోసారి వస్తుంది. బిల్డింగ్ అయితే ఉంది.’ పత్రం అడిగింది సబ్ సెంటర్ ఉందా అని, 1 పడింది. ఆ 1 అబద్ధం కాదు. దీనికి కొంత విరుగుడు పట్టికలోనే ఉంది, ఎవరూ అంత దూరం స్క్రోల్ చెయ్యరు గానీ. ఆసుపత్రి రకం ప్రతిదానికీ డాక్టర్లు, సిబ్బంది మంజూరైన పోస్టులు ఎన్ని, పనిలో ఉన్నది ఎందరు అని రెండేసి గడులు ఉంటాయి. మొదటి దాంట్లో 2, రెండో దాంట్లో 0 ఉన్న ఊళ్లు మీ మండలంలో ఎన్నో తీయండి. మీ ప్రాజెక్టులో చదవదగ్గ పట్టిక అదే అవుతుంది. తాగునీటిలో కూడా అంతే. కుళాయి, చేతి పంపు, బోరు, నూయి, ఊటబుగ్గ, ఏరు, చెరువు అని ఒక్కోదానికీ ఉందా లేదా మాత్రమే కాదు, ఏడాది పొడుగునా పనిచేస్తుందా, ఎండాకాలంలో పనిచేస్తుందా అని కూడా అడిగారు. కరెంటుకు ఇంటికి, వ్యవసాయానికి, వ్యాపారానికి ఎండాకాలం ఎన్ని గంటలు, చలికాలం ఎన్ని గంటలు అని వేరువేరుగా ఉంది. గంటల అంకెలు మాత్రం నేను పెద్దగా నమ్మను. ఒక ఫీడర్ (కరెంటు సరఫరా లైను) కింద ఉన్న ఊళ్లన్నిటికీ అవే గంటలు దించేయడం మామూలే.

ఊళ్లో తయారయ్యే వస్తువుల గడి గురించి ఒక చిన్న మాట. మూడు వస్తువుల పేర్లు రాయమంటుంది. బెల్లం, ఇటుకలు, తాటాకు బుట్టలు లాంటివి కనిపిస్తాయి. ఇది పూర్తిగా చెప్పినవాడి నోటికొచ్చిన వరస. పరిశ్రమల అధ్యాయం దాని మీద కట్టకండి.

‘కుళాయి నీరు ఉంది’ అని గ్రామ దర్శిని చెప్పిందంటే ఊళ్లో ఎక్కడో ఒక కుళాయి పథకం ఉందని మాత్రమే. ఎన్ని ఇళ్లవాళ్లు ఆ నీళ్లు తాగుతున్నారు? దానికి ఇంకో పట్టిక ఉంది. 2010లో జరిగిన ఇళ్ల జాబితా దశలో ప్రతి ఇంటినీ నీళ్లు, దీపం, మరుగుదొడ్డి, వంట చెరకు, టీవీ, సైకిల్ వగైరా అడిగారు. వాటిని గ్రామం వారీగా శాతాల్లో ఇచ్చే పట్టికలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి. నీళ్లు ఇంటి ఆవరణలో ఉన్నాయా, దగ్గరలో ఉన్నాయా, దూరమా అన్నది కూడా ఉంటుంది. పల్లెల్లో అర కిలోమీటరు లోపు అంటే దగ్గర. గ్రామ దర్శినిలో కుళాయికి 1 ఉండి, ఇళ్ల పట్టికలో కుళాయి వాడే ఇళ్లు పదిశాతం కూడా లేని ఊళ్లు కనిపిస్తే, కుళాయి మెయిన్ వీధిలో ఆగిపోయి, మాలపల్లెకో గూడేనికో పోలేదేమో అని అడగడానికి మీకు కారణం దొరికినట్టే. ఎస్సీ, ఎస్టీ జనాభా గ్రామం వారీగా ప్రాథమిక జనగణన సారంలో (జనాభా, అక్షరాస్యత, పనివాళ్ల అంకెలున్న పట్టిక) ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి చూడండి. ఈ మూడు పట్టికల్నీ కలపకుండా కేవలం గ్రామ దర్శినితో సౌకర్యాల మీద రాసిన వ్యాసం నా దృష్టిలో సగం వ్యాసమే.

కలపడం ఎలా అంటే పేర్లతో కాదు. కొత్తవలసలు, లక్ష్మీపురాలు, రామచంద్రపురాలు మన జిల్లాలో ఎన్నని? 2011లో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు, దేశంలో ఆ కోడ్ మరో ఊరికి ఉండదు. విజయనగరం జిల్లా కోడ్ 543, రాష్ట్రం 28. ఎక్సెల్‌లో కోడ్ గడిని టెక్స్ట్‌గా పెట్టుకుని దాంతోనే జత చేయండి. పంచాయతీరాజ్ వాళ్ల వెబ్‌సైట్లలో కనిపించే కోడ్ వేరే, దాన్ని స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ కోడ్ అంటారు, కేంద్రం గ్రామ పంచాయతీ వారీగా చేసే మిషన్ అంత్యోదయ సర్వే దానితోనే నడుస్తుంది. రెండు కోడ్‌లనూ జత చేసిన జాబితా ఆ డైరెక్టరీలోనే దొరుకుతుంది, ముందు అది దించుకోండి. 2001తో పోల్చాలంటే కోడ్‌లు మారిపోయాయి కాబట్టి విస్తీర్ణం, ఇరుగు పొరుగు ఊళ్లు చూసి చేత్తో జత చేయాల్సిందే. విసుగు పని, కానీ మండలం మట్టుకు ఒక సాయంత్రంలో అయిపోతుంది.

వెనక్కి వెళ్లే కొద్దీ పుస్తకం అట్ట మీద జిల్లా పేరే మారుతుంది. విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న, శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల ముక్కలతో. కాబట్టి 1971 పుస్తకం కావాలంటే మీ ఊరు అప్పుడు ఎటువైపుదో తెలుసుకుని ఆ జిల్లాది వెతకాలి. జిల్లా జనగణన పుస్తకాలు 1951 నుంచీ ఉన్నాయి, అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1981 దాకా తాలూకాలు, మండలాలు వచ్చింది 1985లో, 1991 నుంచి పుస్తకం మండలాల వారీగా ఉంటుంది. తాలూకా మొత్తాన్ని మండలం మొత్తంతో పోల్చకండి, ఊరి వరుసలనే కూడుకుని రండి. ముందుకు వస్తే 2022 ఏప్రిల్ 4న ఇంకో మార్పు. పార్వతీపురం, సాలూరు, కురుపాం వైపు మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు పోయాయి, పాలకొండ వైపువి శ్రీకాకుళం నుంచి వచ్చి అందులో కలిశాయి. రాజాం వైపువి శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. అంటే ఇప్పటి మన్యం జిల్లాకు 2011 జనాభా కావాలంటే రెండు పాత పుస్తకాల నుంచి మండలాలు ఏరుకోవాలి. ‘విజయనగరం జిల్లా 2011’ అని రాసేటప్పుడు 34 మండలాల పాత జిల్లా అని పక్కన స్పష్టంగా పెట్టండి. సాలూరు అవతల కొఠియా ఊళ్ల జోలికి పోవద్దని నా సలహా. అవి మావంటే మావని ఆంధ్ర, ఒడిశా రెండూ అంటున్నాయి, ఎం.ఏ. ప్రాజెక్టులో తేలేది కాదు అది.

ఇంకో చిన్న ఉచ్చు. పంచాయతీ పాలనలో ఉన్న పెద్ద ఊరు గ్రామ దర్శినిలో కనిపించకపోతే పట్టణాల పట్టికలో చూడండి. జనాభా 5,000 దాటి, మగ ప్రధాన కార్మికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా ఉంటే జనగణన దాన్ని పట్టణంగా రాస్తుంది. కొత్తవలస అలా జనగణన పట్టణమే.

భూమి గడుల్లో తొందరగా పోవచ్చు. అంకెలు హెక్టార్లలో, మీ గ్రామ అడంగల్ (భూమి, సాగు వివరాల రెవెన్యూ రికార్డు) ఎకరాల్లో. ఒక హెక్టారు 2.47 ఎకరాలు. అడవి, బంజరు, బీడు, సాగు మొత్తం కలిపితే గ్రామ విస్తీర్ణం రావాలి. రాని ఊళ్లను గుర్తుపెట్టుకోండి, అక్కడ మిగతా భూమి అంకెలు కూడా అనుమానంతోనే వాడండి.

సరిదిద్దవచ్చా అన్నారు. వద్దు. పుస్తకం అంకెను అలాగే ఉంచి, పక్కన ఇంకో గడి గీసి మీరు కనుక్కున్నది రాయండి. ఏ తేదీన, ఎవరు చెప్పారు (పేరు అక్కర్లేదు, హోదా చాలు), ఏ నిర్వచనంతో అన్నది ప్రతి గడికీ ఉండాలి. సబ్ సెంటర్ అయితే ‘భవనం ఉంది, నర్సు బుధవారాలు మాత్రమే’ అని రాయండి, మళ్లీ 1, 2 లు వేసుకుని ఆ సమాచారం పోగొట్టుకోకండి. జిల్లా ముఖ్య ప్రణాళికా అధికారి కార్యాలయం వేసే గణాంక దర్శిని చేతికి దొరికితే దాన్ని కూడా పక్కన పెట్టుకోండి, కానీ అది శాఖల నుంచి వచ్చిన లెక్క. జనగణన అంకె అని రాయకండి.

కొత్త జనగణన వచ్చేదాకా ఆగనా అన్నారు. 2021లో జరగాల్సింది కోవిడ్ వల్ల వాయిదా పడింది. తర్వాతి దానికి లెక్క తేదీ 2027 మార్చి 1 అని 2025 జూన్ 16న గెజిట్ వచ్చింది. ఈసారి మొబైల్ యాప్‌లో నమోదు, కులం కూడా అడుగుతారు. కానీ లెక్కింపు అయిన వెంటనే గ్రామం వారీ పట్టికలు రావు, సౌకర్యాలవి ఇంకా ఆలస్యం. మీ డిగ్రీ దానికోసం ఆగక్కర్లేదు. 2011ని పునాదిగా పెట్టుకుని మీ మండలంలో ఇప్పుడు తిరిగి రాస్తే, రేపు కొత్త పుస్తకం వచ్చినప్పుడు మీది మధ్యలో ఉన్న లెక్కగా పనికొస్తుంది.

ఇక మీ తాతగారి సంగతి. జనగణన కాగితం ఏదీ దానికి దొరకదు, దొరికినా చెల్లదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి పత్రాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా తీసుకోరు. జనం భయం లేకుండా నిజం చెప్పడానికే ఆ రక్షణ. అందుకని జనగణన కార్యాలయానికి అర్జీ పెట్టుకుని తిరగకండి. మీ అవసరం భూమి గురించి అయితే తహసీల్దార్ ఆఫీసులో పాత అడంగల్, ఆర్.ఎస్.ఆర్. (సర్వే నంబర్ల వారీగా భూమి వివరాలున్న పాత రెవెన్యూ రిజిస్టర్) నకళ్లు అడగండి. నివాసం గురించి అయితే పాత ఓటర్ల జాబితా, పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టర్, తాతగారు బడికి వెళ్లి ఉంటే ఆ బడి అడ్మిషన్ రిజిస్టర్. వీటిలో అడ్మిషన్ రిజిస్టర్ ముందు చూడండి, పాత బళ్లలో అవి ఆశ్చర్యంగా బాగానే మిగిలి ఉంటాయి.